ముందు కాగితం... తర్వాతే గోడ!

గ్రాఫిటీ లెటరింగ్ నేర్చుకోవాలనుందా? రంగుల సంగతి తర్వాత చూద్దాం, ముందు అక్షరం పట్టు చిక్కాలి. చేతికి ఇది అలవాటైతే హాబీగా మిగలొచ్చు, ఉపాధికి దారి కూడా కావొచ్చు!

కాలేజీ ఫెస్ట్ బ్యాక్‌డ్రాప్ మీదో, కెఫే గోడ మీదో ఉబ్బినట్టుండే అక్షరాలు, ఒకదాంట్లోకి ఒకటి దూసుకెళ్లే గీతలు, వెనక దట్టమైన నీడ... చూడగానే 'మనమూ ఇలా వేస్తే?' అనిపిస్తుంది. ఆ ఊపులో చాలామంది చేసే మొదటి పని రెండు స్ప్రే డబ్బాలు కొనేయడం. తీరా గోడ ముందు నిలబడ్డాక రంగు కారిపోతుంది. మొదటి అక్షరం పెద్దదై, చివరి అక్షరానికి చోటు చాలదు. అరగంటలో డబ్బాలు ఖాళీ. 'మనకు రాదులే' అని వదిలేస్తారు. నిజానికి నేర్చుకునే వరస తప్పిందంతే.

ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్నవాళ్లకు దీంతో పనేంటి అంటారా? అక్షరాన్ని అందంగా, చదవగలిగేలా మలిచే చేతికి డిజైన్ స్టూడియోలు, ప్రకటనలు, సినిమా పబ్లిసిటీ, ప్యాకేజింగ్ లాంటిచోట్ల పని దొరుకుతుంది. అదే చెయ్యి అనుమతి లేని గోడ మీద పడితే కేసు అవుతుంది, వచ్చే ఉద్యోగానికీ అడ్డుపడుతుంది. అందుకే ఈ రెండో సంగతి కూడా తెలుసుకునే మొదలుపెట్టాలి.

పేరు రాయడంతో మొదలైంది

ఆధునిక గ్రాఫిటీ 1960ల చివర్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఊపందుకుంది. 'కార్న్‌బ్రెడ్' అనే మారుపేరుతో ఓ కుర్రాడు ఊరంతా తన పేరు రాసుకుంటూ పోయాడు. తర్వాత న్యూయార్క్ వంతు. ఉత్తరాలు, పార్సిళ్లు అందించే పనిచేసే ఓ టీనేజర్ వెళ్లిన ప్రతిచోటా 'టాకీ 183' అని రాసేవాడు. టాకీ అతని ముద్దుపేరు, 183 అతనుండే వీధి నంబరు. 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ అతనిమీద కథనం రాసింది. దాంతో వందలమంది అదే బాట పట్టారు.

అందరూ పేరు రాస్తుంటే మన పేరు కంటపడేదెలా? ఈ పోటీలోంచే స్టైల్ పుట్టింది. అక్షరం పెద్దదైంది, చుట్టూ గీత వచ్చింది, లోపల రంగు నిండింది. 1970ల మొదట్లో 'ఫేజ్ 2' అనే కళాకారుడు గాలి నింపినట్టుండే బబుల్ అక్షరాలను తెచ్చాడు. సబ్‌వే రైళ్లు కదిలే కాన్వాసులయ్యాయి. 1983 నాటి 'స్టైల్ వార్స్' డాక్యుమెంటరీ, 1984లో మార్తా కూపర్, హెన్రీ ఛాల్‌ఫాంట్ ఫొటోలతో వచ్చిన 'సబ్‌వే ఆర్ట్' పుస్తకం ఈ కళను ప్రపంచమంతా చేర్చాయి.

వీళ్లు తమను పెయింటర్లమని చెప్పుకోరు, 'రైటర్ల'మంటారు. గ్రాఫిటీకి ప్రాణం అక్షరమే అనడానికి ఇదొక్కటి చాలు. మీరు తరచూ వినే మాటలు నాలుగున్నాయి.

• ట్యాగ్: ఒకే గీతలో, ఒకే రంగులో గబగబా రాసే సంతకం.
• త్రో-అప్: ఒకటి రెండు రంగుల్లో వేగంగా వేసే ఉబ్బెత్తు అక్షరాలు.
• పీస్: తీరిగ్గా, రంగులు, నీడలు, నేపథ్యంతో వేసే పూర్తిస్థాయి పని. 'మాస్టర్‌పీస్'కు ఇది పొట్టిపేరు.
• వైల్డ్‌స్టైల్: అక్షరాలు పెనవేసుకుని, బాణాలతో చిక్కుముడిలా ఉండేది. కొత్తవాళ్లు చదవడమే కష్టం!

నేర్చుకోవాల్సిన వరస కూడా ఇదే. చాలామంది చేసే పొరపాటు వైల్డ్‌స్టైల్‌తో మొదలుపెట్టడం.

మొదట కొనాల్సినవి మూడే

గీతలు లేని డ్రాయింగ్ బుక్ ఒకటి (రైటర్లు దీన్ని బ్లాక్‌బుక్ అంటారు), హెచ్‌బీ, 2బీ పెన్సిళ్లు, ఒక నల్ల మార్కర్. తొలి నెలకు ఇంతే. మార్కర్ మొన ఏటవాలుగా కోసినట్టుండేది తీసుకుంటే ఒకే గీతలో సన్నం, మందం రెండూ వస్తాయి. ఆల్కహాల్ మార్కర్లు కాగితం వెనక్కి దిగుతాయి. అందుకని కాస్త దళసరి కాగితం ఎంచుకోండి, లేదా పేజీకి ఒకవైపే వేయండి. గీసినదేదీ చింపేయొద్దు. మూడు నెలల తర్వాత మీరెంత మెరుగయ్యారో చెప్పేవి ఆ పేజీలే.

అస్థిపంజరం నుంచి నీడ దాకా

ఏ అక్షరమైనా ముందు ఒక సన్నటి గీత. దాన్నే అక్షరం అస్థిపంజరం అనుకోండి. ఆ తర్వాత అడుగులివీ.

1. మీ పదాన్ని పెన్సిల్‌తో లేతగా, మామూలుగా రాయండి. అక్షరాల ఎత్తు సమానంగా, మధ్య ఖాళీలు కుదురుగా ఉన్నాయా చూడండి. ఇక్కడ తేడా ఉంటే పైన ఎంత అలంకరించినా అది పోదు.
2. ఆ గీతకు రెండువైపులా సమాన దూరంలో గీతలు గీసి మందం ఇవ్వండి. అన్ని అక్షరాలకూ ఒకే మందం ఉండాలి.
3. అక్షరాలను దగ్గరికి జరిపి, ఒకదానిమీదికి ఒకటి కొంచెం ఎక్కేలా చేయండి. ఏది ముందు, ఏది వెనక అన్నది ముందే నిర్ణయించుకోండి.
4. బయటి గీతను మార్కర్‌తో స్థిరపరచి, పెన్సిల్ గీతలు చెరిపేయండి.
5. లోపల రంగు నింపండి. రెండు రంగులు చాలు. పైన లేతగా, కింద ముదురుగా ఉంటే అక్షరానికి బరువొస్తుంది.
6. త్రీడీ నీడ వేయండి. వెలుగు పై ఎడమ నుంచి వస్తోందనుకుంటే నీడ ప్రతి అక్షరానికీ కింద కుడివైపే పడాలి. ఒక్క అక్షరానికి దిక్కు మారినా మొత్తం తేలిపోతుంది.
7. చివరగా, వెలుగు పడేచోట్ల తెల్ల జెల్ పెన్నుతో చిన్న మెరుపులు.

బాణాలు, చినుకులు, నక్షత్రాలు... ఇవన్నీ ఏడో అడుగు తర్వాతే. అవన్నీ తీసేసి చూసినా మీ పదం బాగుందనిపించాలి. పరీక్ష అదే.

మనది గుండ్రటి లిపి

వీడియోల్లో చూపించేవన్నీ ఇంగ్లిష్ అక్షరాలే. అవి చాలావరకు నిలువు, అడ్డ గీతలతో కట్టినవి. తెలుగుది వంపుల లిపి. అందుకే బబుల్ స్టైల్ మన అక్షరాలకు చక్కగా సరిపోతుంది. అయితే కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి.

తలకట్టు: ఇది మన లిపికి దొరికిన వరం. న్యూయార్క్ రైటర్లు అక్షరానికి ఊపు తేవడానికి బాణాలు తగిలించారు. మనకు ఆ ఊపు తలకట్టులో ముందే ఉంది. పొడిగించొచ్చు, పక్క అక్షరం మీదికి వాల్చొచ్చు, బాణంగా మార్చొచ్చు. కానీ ఖ, జ, ట, ణ, బ, ల లాంటి అక్షరాలకు తలకట్టు ఉండదు. అందం కోసం వాటికీ తగిలిస్తే చదివేవాళ్లు తడబడతారు.

చిన్న గీత, పెద్ద తేడా: 'ద' కింద చిన్న గీత పెడితే 'ధ'. 'ప'కు తలకట్టు విడిగా ఉంటుంది, 'వ'కు అతుక్కుని ఉంటుంది. మందం పెంచేటప్పుడు ఆ సందు మూసుకుపోతే 'పని' కాస్తా 'వని' అవుతుంది! ఏ భాగం కదిలిస్తే అక్షరం మారిపోతుందో దాన్ని ముట్టుకోవద్దు, మిగతా భాగంతో ఆడుకోండి.

లోపలి ఖాళీలు: 'ర', సున్నా లాంటి గుండ్రటి అక్షరాల్లో మందం లోపలికి పెంచితే మధ్య రంధ్రం పూడుకుపోతుంది. బయటికి పెంచండి.

వత్తులు: ఇవి కిందికి దిగుతాయి కాబట్టి పదం కింద ఇంకో వరసంత చోటు కావాలి. 'స్వాతంత్ర్యం' లాంటి పదంతో మొదలుపెడితే చేతులెత్తేయాల్సిందే. మొదట వత్తుల్లేని పొట్టి పదాలు తీసుకోండి.

ఉదాహరణకు 'నగరం' చూడండి. మూడు అక్షరాలకూ తలకట్టు ఉంది. మూడింటినీ ఒకే వాలులో పెడితే పదానికి నడక వస్తుంది. ఆఖర్న 'ర', సున్నా రెండూ గుండ్రాలే, పక్కపక్కన ఒకే సైజులో ఉంటే చప్పగా ఉంటాయి. సున్నాను చిన్నది చేసి 'ర' వెనక్కి సగం దాచండి. 'ర' తలకట్టును మాత్రం సున్నా పైనుంచి బయటికి పొడిగించండి. ఇంత చిన్న నిర్ణయంతోనే పదానికో రూపం వస్తుంది. ఇలా ఒకే పదాన్ని ఇరవై రకాలుగా వేయడం, ఇరవై పదాలను ఒక్కోసారి వేయడంకన్నా మేలు.

నమూనాలు కావాలా? గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, ధూర్జటి, తిమ్మన, గిడుగు లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఒకే పదాన్ని వాటన్నింటిలో ప్రింట్ తీసి, పైన పల్చటి కాగితం పెట్టి దిద్దండి. ఏ వంపు ఎక్కడ లావెక్కుతోందో చేతికే తెలిసిపోతుంది. అలాగే మీ ఊళ్లో చేత్తో రాసిన పాత షాపు బోర్డులను ఫొటోలు తీసుకోండి. బాపు చేతిరాత ఫాంటుగా మారేంత పేరు తెచ్చుకుంది. సినిమా టైటిళ్లకు ఈశ్వర్ లాంటి పబ్లిసిటీ డిజైనర్లు చేత్తోనే రూపమిచ్చారు. తెలుగు లెటరింగ్‌కు గురువులు మన గోడల మీదా, పోస్టర్ల మీదా ఉన్నారు.

ఒక్క హెచ్చరిక. చూసి దిద్దడం నేర్చుకోవడానికి మాత్రమే. ఇంకొకరి స్టైల్‌ను ఎత్తేసి మీదని పోస్ట్ చేస్తే గ్రాఫిటీ లోకంలో అంతకన్నా చిన్నచూపు ఇంకోటి లేదు.

డబ్బా పట్టే ముందు

కాగితం మీద పట్టు వచ్చాక పాత ప్లైవుడ్ ముక్కమీదో, అట్టపెట్టెమీదో స్ప్రే మొదలుపెట్టండి. బైకులకు టచప్ కోసం పెయింట్ షాపుల్లో అమ్మే మామూలు డబ్బాలు అభ్యాసానికి సరిపోతాయి. గ్రాఫిటీ కోసమే తయారైన విదేశీ డబ్బాల ధర వీటికన్నా చాలా ఎక్కువ. అవి ఇప్పుడే వద్దు.

• వాడేముందు డబ్బాను ఒకటి రెండు నిమిషాలు బాగా ఊపాలి.
• సన్నటి గీత కావాలంటే దగ్గర నుంచి వేగంగా, వెడల్పుగా నింపాలంటే కాస్త దూరం నుంచి కొట్టాలి. చెయ్యి ఒకేచోట ఆగితే రంగు కారుతుంది. మణికట్టు ఒక్కటే తిప్పకుండా భుజం నుంచి మొత్తం చెయ్యి కదలాలి.
• సన్నగీతకు, లావుగీతకు వేర్వేరు క్యాప్‌లు ఉంటాయి. పనయ్యాక డబ్బాను తలకిందులు చేసి, గాలి మాత్రమే వచ్చేవరకు నొక్కితే క్యాప్ పూడుకుపోదు.
• స్ప్రేలో ఉండే సాల్వెంట్ ఆవిర్లు ఊపిరితిత్తులకు చేటు. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు వాటిని ఆపలేవు. ఆర్గానిక్ వేపర్ కార్ట్‌రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ వాడాలి. మూసిన గదిలో అస్సలు వద్దు. మంట, సిగరెట్ దగ్గర్లో ఉండకూడదు.

గోడ సంగతికొస్తే, సున్నం వేసిన గోడ పొడి రాలుతుంటుంది, రంగు నిలవదు. ముందు ఎమల్షన్ కోటింగ్ వేసి ఆరనివ్వాలి. చిన్న బొమ్మను పెద్ద గోడకు ఎక్కించడానికి గళ్ల పద్ధతి ఉండనే ఉంది. ఇంకో చిట్కా... గోడనిండా పిచ్చిగీతలు, అంకెలు గీసి ఫొటో తీయండి. ఫోన్‌లో ఆ ఫొటోమీద మీ స్కెచ్‌ను పారదర్శకంగా పరచండి. ఏ గీత ఏ అంకె పక్కనుంచి వెళ్తోందో చూస్తూ గోడమీద వేసేయొచ్చు. పెద్ద పెద్ద మ్యూరల్స్ వేసేవాళ్లూ ఈ పద్ధతి వాడతారు.

ఆ గోడ ఎవరిది?

ఈ ప్రశ్నకు జవాబు లేకుండా డబ్బా తీయొద్దు. బహిరంగ ప్రదేశాలను పాడుచేయడాన్ని అడ్డుకునేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. ప్రభుత్వ ఆస్తుల నష్టంపై 1984 నాటి కేంద్ర చట్టం ఉంది. మెట్రో రైళ్లలో రాతలు, గీతలను 2002 నాటి మెట్రో చట్టం నిషేధిస్తోంది. 2022 అక్టోబరులో అహ్మదాబాద్ మెట్రో కోచ్‌లపై స్ప్రేతో రాసిన నలుగురు ఇటలీ దేశస్తులను పోలీసులు అరెస్టు చేశారు. గోల్కొండ లాంటి రక్షిత కట్టడాల మీద పేర్లు చెక్కడం, రాయడం ఇంకా పెద్ద నేరం. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఉద్యోగార్థులు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ప్రభుత్వ కొలువుకు ఎంపికయ్యాక నింపే అటెస్టేషన్ ఫారంలో అరెస్టులు, కేసుల వివరాలు అడుగుతారు. దాచితే అదే మరో తప్పవుతుంది. పాస్‌పోర్టుకూ పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. రాత్రిపూట సరదాకు వేసిన సంతకం ఏళ్లతరబడి వెంటాడుతుంది.

అలాగని గోడలు దొరకవా? దొరుకుతాయి, అడగాలంతే. మీ ఇంటి డాబా పిట్టగోడ, కాలేజీ క్యాంటీన్, హాస్టల్ కారిడార్, తెలిసినవాళ్ల జిమ్, టీ దుకాణం షట్టర్... వేయబోయే స్కెచ్ చూపించి అడిగితే ఒప్పుకునేవాళ్లు ఎక్కువే. ఒప్పుకున్నాక తేదీ, గోడ కొలతలు, వేసే డిజైన్ రాసిన చిన్న కాగితం మీద యజమాని సంతకం తీసుకోండి. పని జరుగుతున్నప్పుడు దాన్ని దగ్గరుంచుకోండి.

అనుమతితో ఎంత దూరం వెళ్లొచ్చో చూడాలంటే దిల్లీలోని లోధీ కాలనీకి వెళ్లాలి. స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ చొరవతో అక్కడి ప్రభుత్వ క్వార్టర్ల గోడలు బహిరంగ గ్యాలరీగా మారాయి. హైదరాబాద్‌లో మక్తా ప్రాంతపు గోడలకూ ఇదే సంస్థ చొరవతో రంగులద్దారు. హిందీలో తన మారుపేరు రాస్తూ పేరు తెచ్చుకున్న 'డాకు' 2016లో లోధీలో వేసిన పని చూడదగ్గది. గోడకు అడ్డంగా బిగించిన అక్షరాల నీడే అక్కడ రాత. ఎండ జరిగేకొద్దీ ఆ రాతా కదులుతుంది.

ఇది బతుకుదెరువు అవుతుందా?

'గ్రాఫిటీ ఆర్టిస్టు కావలెను' అనే నెలజీతం నోటిఫికేషన్ మాత్రం రాదు. ఇది నేర్చుకుంటున్నాం కదా అని గ్రూప్స్, బ్యాంకు, క్యాంపస్ ప్రిపరేషన్ పక్కన పెట్టేయకండి. ఇదొక నైపుణ్యం. వేరే పనులతో కలిసినప్పుడు దీనికి విలువ.

హనీఫ్ కురేషీ ప్రయాణం దీనికి మంచి ఉదాహరణ. గుజరాత్‌లో పెరిగిన ఆయన చిన్నప్పుడు సైన్‌బోర్డు పెయింటర్ కావాలనుకున్నారు. బరోడాలో ఫైన్ ఆర్ట్స్ చదివి ప్రకటనల రంగంలో పనిచేశారు. వీధి పెయింటర్ల చేతిరాత కనుమరుగవుతోందని గమనించి, వాళ్లతో అక్షరాలు రాయించి డిజిటల్ ఫాంట్లుగా మార్చే 'హ్యాండ్‌పెయింటెడ్ టైప్' ప్రాజెక్టు మొదలుపెట్టారు. స్టార్ట్ ఇండియా వ్యవస్థాపకుల్లో ఆయనొకరు. 2024లో కన్నుమూశారు. ఫైన్ ఆర్ట్స్, ప్రకటనలు, ఫాంట్లు, గోడలు... ఇన్ని చోట్లా ఆయన్ను నడిపించింది అక్షరమే.

మీ ముందున్న దారులు ఇవీ.

లెటరింగ్, లోగోలు: సినిమా, వెబ్‌సిరీస్ టైటిళ్లు, యూట్యూబ్ ఛానెళ్లు, స్థానిక బ్రాండ్లు, పుస్తకాల కవర్లు. చేత్తో వేసినదాన్ని వెక్టర్‌గా మార్చడం రావాలి. ఇంక్‌స్కేప్ ఉచితం, స్టూడియోల్లో ఎక్కువగా ఇలస్ట్రేటర్ అడుగుతారు.

ఫాంట్ల రూపకల్పన: ఇంగ్లిష్‌తో పోలిస్తే తెలుగులో ఫాంట్లు చాలా తక్కువ. ఓపిక ఉన్నవాళ్లకు ఇది మంచి చోటు. ఫాంట్‌ఫోర్జ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టొచ్చు.

మ్యూరల్స్: కెఫేలు, జిమ్‌లు, ఆఫీసులు, స్కూళ్లు. సాధారణంగా చదరపు అడుగు లెక్కన మాట్లాడుకుంటారు. రంగులు, పరంజా ఖర్చు విడిగా చెప్పండి. కొంత అడ్వాన్స్ తీసుకోండి. ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, ఫొటోలు ఎవరు వాడుకోవచ్చు, గోడమీద మీ పేరు ఉంటుందా అన్నవి కాగితం మీద రాసుకోండి. 'పబ్లిసిటీ వస్తుంది, ఫ్రీగా వేయండి' అనేవాళ్లకు కనీసం రంగుల ఖర్చయినా అడగండి.

పైచదువులు: ఇంటర్ తర్వాత బీడిజైన్‌కు యూసీడ్, డిగ్రీ తర్వాత ఎండిజైన్‌కు సీడ్ పరీక్షలున్నాయి. రెండింటినీ ఐఐటీ బొంబాయి నిర్వహిస్తుంది. రెండింట్లోనూ చేత్తో గీసే ప్రశ్నలుంటాయి. సీడ్‌ను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లూ రాయొచ్చు, ఫలానా సబ్జెక్టే చదివుండాలన్న నిబంధన లేదు. ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్, ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ కోర్సులు, హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ ఉన్నాయి.

పోర్ట్‌ఫోలియోలో యాభై బొమ్మలు కుక్కొద్దు. ఎనిమిదో పదో మంచివి చాలు. ప్రతిదానికీ తొలి స్కెచ్, మధ్యదశ, పూర్తయిన రూపం పెట్టండి. ఇంటర్వ్యూలో 'ఈ అక్షరాన్ని ఇలా ఎందుకు వంచారు?' అని అడిగితే చెప్పగలగాలి. కనీసం మూడు పనులు తెలుగులో ఉండేలా చూసుకోండి. ఇంగ్లిష్ లెటరింగ్ వేసేవాళ్లు దేశమంతా ఉన్నారు, తెలుగు అక్షరం తెలిసి వేసేవాళ్లు తక్కువ.

నాలుగు వారాల ప్రణాళిక (రోజుకు 40 నిమిషాలు)

మొదటి వారం: మీకో మారుపేరు ఎంచుకోండి, మూడు నాలుగు అక్షరాలు చాలు. రోజూ రెండు పేజీలు సంతకంలా రాయండి. చేతికి సహజంగా వచ్చే వంపును పట్టుకోండి.

రెండో వారం: అదే పేరును అస్థిపంజరం, మందం, బయటి గీత వరకు వేయండి. రంగులొద్దు. పాత బోర్డులు ఓ పది ఫొటో తీసి, మూడింటిని దిద్దండి.

మూడో వారం: బబుల్ స్టైల్. అక్షరాలను ఒకదానిమీదికి ఒకటి ఎక్కించండి. రెండు రంగులు, ఒకే దిక్కు నీడ. గీసినదాన్ని లిపి బాగా తెలిసిన అమ్మమ్మకో నాన్నకో చూపించి చదవమనండి. చదవలేకపోతే తప్పు వాళ్లది కాదు!

నాలుగో వారం: ఇరవై చిన్న స్కెచ్‌లు వేసి, ఒక్కటి ఎంచుకుని పెద్ద డ్రాయింగ్ షీట్ మీద పూర్తి పీస్ వేయండి. ప్రతి దశనూ ఫొటో తీయండి. మీ పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ ఇదే.

నెల తర్వాతా ఆసక్తి తగ్గకపోతే అప్పుడు డబ్బా కొనండి, ఆపైన గోడ అడగండి. అప్పటికి మీ చేతిలో చూపించడానికి ఓ స్కెచ్ ఉంటుంది కాబట్టి, అడగడానికి మొహమాటమూ ఉండదు.